వేట రైఫిల్, స్కోప్ పరీక్ష

వేట రైఫిల్‌కు బిగించిన స్కోప్‌లో గురి పెట్టిన చోటికే, ఒక నిర్ణీత దూరంలో, గుండు చేరేలా షూటింగ్ రేంజ్‌లో కాల్చి చూసి సరిదిద్దే ప్రక్రియను జీరోయింగ్ అంటారు. ఈ పరీక్షలో రైఫిల్, స్కోప్, ఆ రెండింటినీ కలిపే మౌంట్, తూటా ఒకే వ్యవస్థగా లెక్కకు వస్తాయి. వీటిలో ఏ ఒక్కటి మారినా పాత ఫలితం చెల్లదు.

పరీక్షకు రెండు ఉద్దేశాలున్నాయి. మొదటిది, వరుసగా కాల్చిన గుండ్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడుతున్నాయో కొలవడం. భౌతికశాస్త్రంలో దీన్ని ఖచ్చితత్వం అంటారు. రెండోది, ఆ గుండ్ల గుంపు కేంద్రాన్ని గురిపెట్టిన బిందువు మీదికి తేవడం. ఇది యథార్థత. స్కోప్ సర్దుబాటుతో రెండోదాన్ని మాత్రమే మార్చవచ్చు. మొదటిది రైఫిల్, తూటా, కాల్చేవారి నైపుణ్యం మీద ఆధారపడి ఉంటుంది.

పరిభాష

తూటా: ఇత్తడి తొడుగు, ప్రైమర్, మందు, గుండు కలిసిన మొత్తం.
గుండు: గొట్టం నుంచి బయటికి దూసుకెళ్లే లోహపు భాగం మాత్రమే.
గ్రూప్: ఒకే గురితో కాల్చిన గుండ్లు కాగితం మీద చేసిన రంధ్రాల గుంపు. ఎక్కువ ఎడంగా ఉన్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని గ్రూప్ కొలతగా తీసుకుంటారు.
రెటికల్: స్కోప్‌లో కనిపించే గురిగీతలు.
టరెట్: రెటికల్‌ను పైకి కిందికి, కుడికి ఎడమకు జరిపే గుబ్బ.
జీరో దూరం: గురిరేఖ, గుండు దారి ఏ దూరంలో కలిసేలా స్కోప్‌ను సర్దారో ఆ దూరం.

చరిత్ర

గొట్టం లోపల మెలికల గాడులు కోసి గుండును తిప్పే పద్ధతి ఐరోపాలో 16వ శతాబ్దం నాటికే ఉన్నా, నిర్ణీత దూరంలో కొలతలతో పరీక్షించడం 19వ శతాబ్దంలో స్థిరపడింది. బ్రిటన్‌లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1859లో ఏర్పడింది. మరుసటి ఏడాది వింబుల్డన్ మైదానంలో జరిగిన దాని తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించారు. 400 గజాల దూరంలోని లక్ష్యానికి ముందే గురి కుదిర్చి యంత్రం మీద బిగించిన విట్‌వర్త్ రైఫిల్‌ను ఆమె తాడు లాగి పేల్చగా, గుండు లక్ష్యం మధ్యకు అతి దగ్గరగా తగిలింది.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌కు చెందిన విలియం మాల్కం 1855 నుంచి దూరదర్శిని గురిసాధనాలు తయారుచేశాడు. రంగుల అంచులను తగ్గించే అవర్ణక కటకాలు వాటి ప్రత్యేకత. ఆస్ట్రియాలో 1880లో ఆగస్ట్ ఫీడ్లర్ అనే అటవీ అధికారి వేటకు అక్కరకొచ్చే స్కోప్‌ను రూపొందించాడు. ఫ్రాంక్లిన్ వేర్ మాన్ అనే అమెరికన్ పరిశోధకుడు రైఫిల్ గొట్టాలను కాంక్రీటు దిమ్మె మీద అమర్చి, మనిషి చేతి ప్రమేయం లేకుండా ఏళ్ల తరబడి కాల్చి చూశాడు. ఆ ఫలితాలను 1909లో పుస్తకంగా వెలువరించాడు.

1930లో బిల్ వీవర్ తెచ్చిన చవక స్కోప్‌తో ఈ సాధనం సామాన్య వేటగాళ్లకు అందుబాటులోకి వచ్చింది. 1935లో జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మాకులా కటకాల మీద పరావర్తనాన్ని తగ్గించే పూత కనిపెట్టాడు. మసక వెలుతురులోనూ స్పష్టంగా చూడగలగడం దీనివల్ల సాధ్యమైంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత లూపోల్డ్ సంస్థ స్కోప్‌లలో నత్రజని నింపి, లోపల ఆవిరి పట్టకుండా చేసింది. అంచుల దగ్గర లావుగా, మధ్యలో సన్నగా ఉండే గీతల రెటికల్‌ను అదే సంస్థ 1962లో ప్రవేశపెట్టింది. నేటికీ వేట స్కోప్‌లలో ఎక్కువగా కనిపించేది ఈ నమూనాయే.

పరికరాలు

*రైఫిల్.* వేటలో బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు అధికం. మోయడానికి తేలికగా ఉండాలి కాబట్టి వీటి గొట్టం పోటీ రైఫిళ్లకంటే సన్నగా ఉంటుంది. సన్న గొట్టం త్వరగా వేడెక్కుతుంది. పరీక్షలో గుండుకూ గుండుకూ మధ్య విరామం అవసరమయ్యేది ఇందుకే.

*స్కోప్.* వస్తు కటకం, ప్రతిబింబాన్ని నిటారుగా నిలిపే కటకాలు, అక్షి కటకం ఒకే గొట్టంలో అమరి ఉంటాయి. గొట్టం వ్యాసం సాధారణంగా 25.4 లేదా 30 మి.మీ. స్కోప్ మీద 3-9×40 అని ఉంటే, అది దృశ్యాన్ని 3 నుంచి 9 రెట్లు పెద్దదిగా చూపుతుందనీ, వస్తు కటకం వ్యాసం 40 మి.మీ. అనీ అర్థం. వస్తు కటకం వ్యాసాన్ని పెద్దచేసే రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వ్యాసం వస్తుంది. 8×56 స్కోప్‌లో ఇది 7 మి.మీ. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప వ్యాసం కూడా దాదాపు అంతే. మధ్య ఐరోపాలో తెల్లవారుజామున, మునిమాపు వేళ వేటాడేవారు ఈ కొలతను ఎంచుకోవడానికి ఇదే కారణం.

*మౌంట్.* రైఫిల్ పైభాగానికి బిగించే పట్టీ, స్కోప్‌ను పట్టుకునే రింగులు ఇందులో భాగాలు. అమెరికా సైన్యం 1995లో ప్రామాణికం చేసిన పికటిన్నీ పట్టీ పౌర రైఫిళ్లలోనూ వ్యాపించింది. మరలను తయారీదారు చెప్పిన బలంతో టార్క్ రెంచ్‌తో బిగిస్తారు. వదులైతే ప్రతి గుండుకూ స్కోప్ కదులుతుంది. మరీ బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోయి లోపలి అమరిక దెబ్బతింటుంది.

*తూటా.* తూటాల కొలతలకు, పీడనాలకు ప్రమాణాలు నిర్ణయించే సంస్థల్లో ఐరోపాలో సి.ఐ.పి., అమెరికాలో 1926లో ఏర్పడిన సామీ ముఖ్యమైనవి. ఒకే పేరున్న తూటాలలోనూ గుండు బరువు, ఆకారం, వేగం వేరుగా ఉంటాయి. అందుకే వేటలో వాడబోయే తూటాతోనే పరీక్ష చేస్తారు.

కోణమానం, క్లిక్కులు

టరెట్‌ను తిప్పినప్పుడు వినిపించే ఒక్కో 'క్లిక్' ఒక చిన్న కోణానికి సమానం. ఇందుకు రెండు ప్రమాణాలు వాడుకలో ఉన్నాయి.

మొదటిది కోణ నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు. దీన్ని ఎం.ఓ.ఏ. అంటారు. 100 గజాల దగ్గర ఇది 1.047 అంగుళాలు, 100 మీటర్ల దగ్గర 29.1 మి.మీ. పావు ఎం.ఓ.ఏ. క్లిక్ 100 మీటర్ల దగ్గర గుండును సుమారు 7.3 మి.మీ. జరుపుతుంది.

రెండోది మిల్లీరేడియన్. 100 మీటర్ల దగ్గర ఇది సరిగ్గా 10 సెం.మీ. పదోవంతు మిల్లీరేడియన్ క్లిక్ అంటే అక్కడ 1 సెం.మీ. ఒక మిల్లీరేడియన్ 3.438 ఎం.ఓ.ఏ.లకు సమానం.

ఉదాహరణకు, 100 మీటర్ల దగ్గర గ్రూప్ కేంద్రం గురికి 6 సెం.మీ. కింద, 4 సెం.మీ. కుడివైపు పడిందనుకుందాం. ఒక సెంటీమీటర్ క్లిక్ ఉన్న స్కోప్‌లో 6 క్లిక్కులు పైకి, 4 క్లిక్కులు ఎడమకు తిప్పాలి. కోణం అంతే ఉన్నా దూరం తగ్గితే జరుగుడు తగ్గుతుంది. అందువల్ల 25 మీటర్ల దగ్గర అదే క్లిక్ గుండును 2.5 మి.మీ. మాత్రమే జరుపుతుంది.

గుండు దారి, జీరో దూరం

స్కోప్ మధ్యరేఖ రైఫిల్ గొట్టం మధ్యరేఖకంటే సుమారు 4 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. గురిరేఖ సరళరేఖ. గుండు దారి మాత్రం గురుత్వాకర్షణ వల్ల వంగే ప్రక్షేపక మార్గం. గాలి నిరోధం వల్ల అది శుద్ధ పరావలయం కూడా కాదు. గొట్టం మొనను గురిరేఖకు కాస్త ఎగువకు ఎత్తి ఉంచడంతో గుండు ఆ రేఖను రెండుసార్లు దాటుతుంది: ఒకసారి దగ్గరలో పైకి వెళ్తూ, మరోసారి దూరంలో కిందికి దిగుతూ. ఆ రెండో కలయిక దూరాన్నే సాధారణంగా జీరో దూరంగా పేర్కొంటారు.

.308 వించెస్టర్ తూటాలో 150 గ్రెయిన్ల గుండు, అంటే 9.7 గ్రాములది, సెకనుకు సుమారు 860 మీటర్ల వేగంతో వెలువడుతుంది. దీన్ని 200 గజాలకు జీరో చేస్తే తొలి కలయిక సుమారు 25 గజాల దగ్గర వస్తుంది. 100 గజాల దగ్గర గుండు గురికి సుమారు 5 సెం.మీ. పైన, 300 గజాల దగ్గర 20 సెం.మీ.కు పైగా కింద ఉంటుంది.

జీరో దూరం ఎంపికలో మూడు పద్ధతులు ప్రసిద్ధం.

100 గజాలు లేదా 100 మీటర్ల జీరో: రేంజ్‌లలో సులువుగా దొరికే దూరం. అడవిలో దగ్గరి వేటకు సరిపోతుంది.

జర్మన్ పద్ధతి: గుండు దారి ఎక్కడా గురిరేఖకు 4 సెం.మీ.కు మించి ఎగువకు పోకుండా ఉండే గరిష్ఠ జీరో దూరాన్ని ఎంచుతారు. ఈ దూరాన్ని అక్కడి తయారీదారులు తూటాల పెట్టెల మీదే ముద్రిస్తారు.

గరిష్ఠ సూటి పరిధి: జంతువు శరీరంలోని మర్మస్థానం పరిమాణాన్ని బట్టి, గురి మార్చకుండా కాల్చగలిగే అత్యధిక దూరాన్ని లెక్కిస్తారు. అమెరికన్ వేట రచయిత జాక్ ఓకానర్ 1925లో వెలువడిన .270 వించెస్టర్ తూటాకు ఇలాంటి పద్ధతిని ప్రచారం చేశాడు. 100 గజాల దగ్గర గుండు సుమారు 3 అంగుళాలు పైన తగిలేలా ఆయన స్కోప్‌ను సర్దేవాడు.

రేంజ్‌లో పరీక్షా క్రమం

1. *ముందస్తు తనిఖీ.* రైఫిల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, గొట్టంలో అడ్డంకి, నూనె లేకుండా తుడుస్తారు. మౌంట్ మరలు, మడమకు రైఫిల్‌ను బిగించే మరలు సరిచూస్తారు.

2. *కంటి దూరం.* రైఫిల్‌ను భుజానికి ఆనించినప్పుడు పూర్తి దృశ్యం నల్లని అంచులు లేకుండా కనబడాలి. వేట స్కోప్‌లలో కంటికీ స్కోప్‌కూ మధ్య ఎడం సాధారణంగా 9 సెం.మీ. ఉంటుంది. అది తగ్గితే వెనుదన్నుకు స్కోప్ అంచు కనుబొమను చీల్చే ప్రమాదం ఉంది.

3. *బోర్‌సైటింగ్.* బోల్ట్ తీసి, గొట్టంలోంచి చూస్తూ లక్ష్యాన్ని దాని మధ్యకు తెస్తారు. రైఫిల్ కదలకుండా రెటికల్‌ను అదే లక్ష్యం మీదికి తిప్పుతారు. లేజర్ సాధనాలతో కూడా ఇది చేయవచ్చు. ఇది తొలి గుండును కాగితం మీద పడేలా చేస్తుందే తప్ప కాల్చి చూసే పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

4. *దగ్గరి దూరం.* 25 గజాలు లేదా మీటర్ల దగ్గర ఒకటి రెండు గుండ్లు కాల్చి పెద్ద తేడాను సరిదిద్దుతారు.

5. *జీరో దూరం.* బల్ల మీద ఇసుక సంచులు పేర్చి, రైఫిల్ ముందరి కర్రభాగాన్ని ఒకదాని మీద, మడమను మరోదాని మీద ఆనిస్తారు. గొట్టాన్ని నేరుగా దేనికీ ఆనించరు. ఆనిస్తే పేలినప్పుడు గొట్టం కంపించే తీరు మారి గుండు వేరే చోట తగులుతుంది. మూడు లేదా ఐదు గుండ్లు ఒకే గురితో కాల్చి, వాటి కేంద్రం నుంచి సర్దుబాటు లెక్కిస్తారు. ఒక్క గుండును చూసి టరెట్ తిప్పరు.

6. *నిర్ధారణ.* సర్దాక మరో గ్రూప్ కాల్చి చూస్తారు. తరువాత గొట్టం పూర్తిగా చల్లారాక ఒక్క గుండు కాలుస్తారు. వేటలో కాల్చే మొదటి గుండు చల్లని గొట్టం నుంచే వెలువడుతుంది కాబట్టి ఈ ఫలితాన్ని విడిగా నమోదు చేస్తారు.

7. *వేట భంగిమలు.* బల్ల మీద పరీక్ష ముగిశాక నిలబడి, కూర్చుని, మోకాలి మీద, కర్రల ఊతంతో కాల్చి, కాల్చేవారి సొంత పరిధిని తెలుసుకుంటారు.

8. *నమోదు.* తేదీ, తూటా రకం, దూరం, ఉష్ణోగ్రత, గ్రూప్ కొలత, కేంద్రం స్థానం పుస్తకంలో రాస్తారు.

స్కోప్‌కు ప్రత్యేక పరీక్షలు

*చతురస్ర పరీక్ష.* గురి మార్చకుండా టరెట్‌ను నిర్ణీత క్లిక్కుల చొప్పున పైకి, కుడికి, కిందికి, ఎడమకు తిప్పుతూ కాలుస్తారు. రంధ్రాలు చతురస్రంగా ఏర్పడి, చివరి గుండు మొదటిదాని దగ్గరికే రావాలి. రాకపోతే టరెట్ యంత్రాంగంలో లోపం ఉన్నట్టే.

*నిలువు పరీక్ష.* తూకపుగుండు దారంతో సరిచూసిన నిలువు గీత ఉన్న పొడవాటి కాగితం మీద అడుగున గురిపెట్టి, టరెట్‌ను పెద్ద మొత్తంలో పైకి తిప్పి కాలుస్తారు. గుండ్లు లెక్క ప్రకారం ఎంత పైకి జరగాలో అంతే జరిగాయా, గీతను వదలి పక్కకు పోయాయా అన్నది తెలుస్తుంది. పక్కకు పోతే రెటికల్ ఒరిగి ఉందని అర్థం.

*పారలాక్స్ పరీక్ష.* లక్ష్యం ప్రతిబింబం, రెటికల్ ఒకే తలంలో లేకపోతే, కన్ను కదిపినప్పుడు రెటికల్ లక్ష్యం మీద కదిలినట్టు కనిపిస్తుంది. రైఫిల్‌ను కదలకుండా ఉంచి తల మాత్రం అటూ ఇటూ కదిపి దీన్ని చూస్తారు. వేట స్కోప్‌లలో పారలాక్స్‌ను తరచుగా 100 లేదా 150 గజాల దూరానికి సరిచేసి ఉంచుతారు. కొన్నింటిలో దీనికి విడిగా గుబ్బ ఉంటుంది.

*పెద్దచేసే రెట్ల మార్పు.* తక్కువ రెట్లలో ఒక గ్రూప్, ఎక్కువ రెట్లలో మరొకటి కాల్చి రెండింటి కేంద్రాలు ఒకటేనా అని చూస్తారు.

ఫలితాల విశ్లేషణ

గ్రూప్ కొలత గుండ్ల సంఖ్యతో పాటు పెరుగుతుంది. గుండ్లు రెండు దిశల్లోనూ సమానంగా, సాధారణ వితరణలో చెదురుతాయని భావిస్తే, ఒకే రైఫిల్‌తో కాల్చిన ఐదు గుండ్ల గ్రూప్ సగటున మూడు గుండ్ల గ్రూప్‌కంటే సుమారు 27 శాతం, పది గుండ్లది సుమారు 58 శాతం పెద్దగా ఉంటుంది. అందువల్ల ఒక చిన్న మూడు గుండ్ల గ్రూప్ రైఫిల్ సామర్థ్యానికి రుజువు కాదు. రెండు రైఫిళ్లను పోల్చేటప్పుడు గుండ్ల సంఖ్య ఒకటే ఉండాలి.

చెదురు తీరు కారణాన్ని సూచిస్తుంది. గ్రూప్ చిన్నదిగా ఉండి పక్కన పడితే స్కోప్ సర్దుబాటు చాలు. గుండ్లు క్రమంగా ఒకే దిశలో జరుగుతుంటే గొట్టం వేడెక్కడం కారణం కావచ్చు. రెండు వేరు గుంపులుగా పడితే మౌంట్ మరలు వదులయ్యాయేమో చూస్తారు. నిలువుగా చెదిరితే తూటాల వేగంలో తేడా, ఊపిరి నియంత్రణ, రైఫిల్ ఆనిన తీరు పరిశీలిస్తారు. అడ్డంగా చెదిరితే గాలి, ట్రిగ్గర్‌ను నొక్కే తీరు పరిశీలిస్తారు.

ప్రభావితం చేసే అంశాలు

గాలి: గంటకు 16 కి.మీ. వేగంతో పక్కనుంచి వీచే గాలి పైన చెప్పిన .308 గుండును 100 గజాల దగ్గర సుమారు 2.5 సెం.మీ. నెడుతుంది. దూరం రెట్టింపైతే ఇది సుమారు నాలుగు రెట్లవుతుంది.

ఉష్ణోగ్రత, ఎత్తు: వేడికి మందు దహనవేగం పెరుగుతుంది. ఎత్తైన చోట గాలి పలచబడి గుండు తక్కువగా దిగుతుంది.

తేమ: చెక్క మడమ ఉబ్బి గొట్టాన్ని ఒత్తితే జీరో మారుతుంది.

వాలు: గురుత్వాకర్షణ ప్రభావం అడ్డదూరాన్ని బట్టి ఉంటుంది. అందువల్ల ఎగువకు కాల్చినా, దిగువకు కాల్చినా గుండు సమతలం మీద కంటే పైన తగులుతుంది.

గుండు లోహం: కాలిఫోర్నియాలో వేటకు సీసపు గుండ్లపై నిషేధం 2019 జూలై 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. సీసం వల్ల కాండార్ రాబందులు విషప్రభావానికి లోనుకావడం దీనికి ఒక ముఖ్య కారణం. రాగి గుండ్లు అదే బరువు సీసపు గుండ్లకంటే పొడవుగా ఉంటాయి, వేరేచోట తగులుతాయి. కాబట్టి మార్చినవారు మళ్ళీ జీరో చేసుకోవాలి.

భద్రత

రైఫిల్‌ను ఎప్పుడూ నిండి ఉన్నట్టే భావించడం, గొట్టం మొనను లక్ష్యం దిశలోనే ఉంచడం, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకపోవడం, లక్ష్యం వెనుక ఏముందో తెలుసుకోవడం మూల నియమాలు. కాగితాలు మార్చడానికి ఎవరైనా ముందుకు వెళ్లేటప్పుడు రేంజ్ అధికారి కాల్పులు ఆపిస్తాడు. అప్పుడు రైఫిళ్ల బోల్ట్‌లు తెరిచి ఉండాలి, ఎవరూ వాటిని తాకకూడదు.

వేట రైఫిల్ పేలుడు శబ్దం 160 డెసిబెళ్ల స్థాయిలో ఉంటుంది. ఆకస్మిక శబ్దాలకు పనిచోట్ల పాటించే పరిమితి 140 డెసిబెళ్లు. చెవిరక్షణ, కంటిరక్షణ తప్పనిసరి. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే మొనను లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి బోల్ట్ తెరుస్తారు. మామూలుకంటే బలహీనంగా పేలితే గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. గొట్టం పరిశీలించకుండా మరో తూటా పేల్చకూడదు.

వివిధ దేశాల నియమాలు

నార్వేలో పెద్ద జంతువులను వేటాడేవారు ఏటా షూటింగ్ పరీక్ష నెగ్గాలి. 100 మీటర్ల దూరంలోని జంతువు బొమ్మ మీద ఐదు గుండ్లూ 30 సెం.మీ. వ్యాసం గల వలయంలో పడాలి. ఫిన్లాండ్‌లోనూ దుప్పి, ఎలుగు వంటి పెద్ద జంతువుల వేటకు 75 మీటర్ల దూరంలో పరీక్ష ఉంది.

అమెరికాలో 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం ఎక్సైజ్ పన్ను వసూలవుతుంది. వన్యప్రాణి సంరక్షణకు వెళ్లే ఈ నిధిలో కొంత భాగం పబ్లిక్ రేంజ్‌ల నిర్మాణానికి అందుతుంది. అక్కడ ఉద్యోగ, విద్యార్థి వీసాల వంటి వలసేతర వీసాలపై ఉన్నవారు తుపాకీ, తూటాలు కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు మినహాయింపుల్లో ఒకటి. అక్కడ నివసించే తెలుగువారికి ఇది నేరుగా వర్తించే నిబంధన.

భారతదేశంలో

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూళ్లలోని జంతువుల వేటను నిషేధించింది. మనుషులకు ప్రమాదకరంగా మారిన జంతువుల విషయంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లిఖితపూర్వక అనుమతి ఇవ్వవచ్చు. తుపాకీ కలిగి ఉండడానికి ఆయుధాల చట్టం, 1959 కింద లైసెన్సు కావాలి. 2019 సవరణతో ఒక వ్యక్తి కలిగి ఉండగల తుపాకుల సంఖ్య సాధారణంగా మూడు నుంచి రెండుకు తగ్గింది.

వేట నిషేధానికి ముందటి కాలంలో వేటగాడు జిమ్ కార్బెట్ రైఫిల్ ప్రసిద్ధం. మనుషులను తినే చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో ఆయనకు .275 రిగ్బీ రైఫిల్ బహుమతిగా లభించింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం .315 స్పోర్టింగ్ రైఫిల్‌ను పౌర లైసెన్సుదారుల కోసం తయారుచేసింది.

నేడు దేశంలో గురిపరీక్ష ప్రధానంగా క్రీడారంగంలో సాగుతోంది. 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా దీన్ని పర్యవేక్షిస్తుంది. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో కాంస్యం సాధించారు. ఆ పోటీలో దూరదర్శిని స్కోప్‌లను అనుమతించరు. చిన్న రంధ్రంలోంచి చూసే గురిసాధనాన్ని వాడతారు. అయినా గ్రూప్ కాల్చి, కేంద్రం చూసి, క్లిక్కులతో సరిదిద్దే సూత్రం ఒక్కటే.

ప్రాముఖ్యం

వేట చట్టబద్ధంగా ఉన్న దేశాల్లో ఈ పరీక్షను జంతు సంక్షేమంలో భాగంగా పరిగణిస్తారు. జింక గుండె, ఊపిరితిత్తులున్న మర్మస్థానం వ్యాసం సుమారు 20 సెం.మీ. గుండు అందులో తగిలితే జంతువు త్వరగా చనిపోతుంది. కొద్ది సెంటీమీటర్లు తప్పితే గాయంతో పారిపోయి, గంటలు లేదా రోజుల తరబడి బాధపడుతుంది. 100 మీటర్ల దగ్గర 5 సెం.మీ. ఉన్న సర్దుబాటు లోపం 300 మీటర్ల దగ్గర 15 సెం.మీ. అవుతుంది. మధ్యలో తగలవలసిన గుండు అంత ఎడంగా పడితే 20 సెం.మీ. మర్మస్థానానికి బయటే తగులుతుంది.